కాలువలు, లాకులు, కంప్యూటర్లు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ల పాఠశాల పండుగలో కంప్యూటర్ల అనుసంధానం గురించి ప్రసంగం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. దానికి కారణం ఉన్నది. బిడ్డను తెలుగు మాధ్యమంలో చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులలో చాలమంది అడిగే ప్రశ్న ఒకటున్నది: “తెలుగులో చదివితే వీడికి కంప్యూటరు సంగతులు తలకెక్కుతాయా, టీచరు గారూ?” ఆ ప్రశ్నలో బెరుకు ఉన్నది, బిడ్డ భవిష్యత్తును గురించిన బెంగ ఉన్నది. దానిని తేలికగా కొట్టివేయరాదు. అలాగని ఊరడింపు మాటలతో సరిపుచ్చడమూ న్యాయం కాదు. విషయాన్నే తెలుగులో విప్పి చెప్పి, అర్థమైనదో లేదో తేల్చుకొనే పని విన్నవారికే విడిచిపెట్టడం మంచిది. ఈ ప్రసంగం ఉద్దేశం అంతమాత్రమే.

ఎన్నూరులో వల గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. కొసస్తలై నది సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర తెల్లవారకముందే వల విసిరే చేతులు తరతరాలుగా ఉన్నవి. వలలో ఉండేవి రెండే: దారాలు, ముడులు. దారం ఎంత గట్టిదైనా ముడి సరిగా పడకపోతే అది వల అనిపించుకోదు, నూలు కుప్ప అవుతుంది. నెట్‌వర్క్ అనే మాటలో ఉన్నదీ వలయే, అంతర్జాలం అనే మాటలో ఉన్నదీ వలయే. కంప్యూటర్లు, ఫోన్లు, వాటి నడుమ దారి చూపే యంత్రాలు ఈ వలకు ముడులు. రాగి తీగ, గాజు తీగ, గాలిలో ప్రసరించే రేడియో తరంగం దానికి దారాలు. ఇక ముడి వేసే పద్ధతి ఉన్నది చూడండి, అదే అసలు విద్య. ఒక యంత్రం ఎలా పలకరించాలి, రెండవది ఎలా బదులివ్వాలి, మాట పోతే ఏమి చేయాలి అని ముందుగా కుదుర్చుకొన్న ఒప్పందాన్ని ప్రోటోకాల్ అంటారు. తీగలు కొనుక్కోవచ్చును గాని ఒప్పందాన్ని కొనలేము, అది కుదరవలసినదే.

వల కంటె మంచి పోలిక ఎన్నూరు పక్కనే ఉన్నది. అది బకింగ్‌హాం కాలువ. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వర్తకుని పూనికతో మద్రాసు నుండి ఎన్నూరు వరకు, సుమారు పదకొండు మైళ్లు, తవ్విన ఉప్పునీటి కాలువ దానికి మొదటి భాగం. తరువాత అది పులికాట్ సరస్సును అందుకొన్నది. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. ఉత్తరాన పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా పెరిగి, 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టుకొన్నది. మొత్తం నిడివి ఇంచుమించు 420 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర దానిని కొమ్మమూరు కాలువ అందుకొంటుంది. అక్కడి నుండి కృష్ణానది, ఆపైన ఏలూరు కాలువ, ఆపైన గోదావరి, చివరకు కాకినాడ కాలువ. కృష్ణా డెల్టా ధాన్యం, దారిలోని ఉప్పు, సర్వి కట్టెలు పడవల మీద మద్రాసు చేరిన దారి ఇదే. ఎన్నూరులోని తెలుగు కుటుంబాలలో ముత్తాతల కాలపు పడవ కథలు వినని ఇల్లు తక్కువ.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటున్నది. కాకినాడ నుండి మద్రాసు దాకా ఉన్నది ఒకే కాలువ కాదు. గోదావరి, కృష్ణా కాలువలు మంచినీటివి, పైరు కోసం తవ్వినవి. బకింగ్‌హాం ఉప్పునీటిది, పడవల కోసం తవ్వినది. తవ్విన కాలాలు వేరు, నీటి మట్టాలు వేరు. ఇన్ని తేడాలున్నా పడవ సాగిపోయినదంటే లాకుల వల్లనే. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపు మూస్తారు. లోపలి నీటిని ముందున్న కాలువ మట్టానికి ఎత్తుతారు, లేదా దించుతారు. అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. గోదావరి కాలువ తన తీరు మార్చుకోలేదు, బకింగ్‌హాం తన తీరు మార్చుకోలేదు. కలిసే చోట మాత్రం ఒక పద్ధతి ఏర్పడినది. పడవ వెడల్పు లాకుకు సరిపడితే చాలు. సరంగు తెలుగువాడా తమిళుడా అని గాని, మూటలలో వడ్లా ఉప్పా అని గాని ఆ తలుపులకు నిమిత్తం లేదు.

ఇంటర్నెట్ అంటే సరిగా ఇదే. అది ఒక పెద్ద నెట్‌వర్క్ అని చాలమంది అనుకొంటారు. అది నిజానికి వేరువేరు నెట్‌వర్కుల కలయిక. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించినదీ ఈ లాకు పద్ధతియే: ఏ నెట్‌వర్కూ తన లోపలి ఏర్పాటు మార్చుకోనక్కరలేదు, కలిసే చోట అందరూ ఒకే ఒప్పందం పాటిస్తే చాలును. ఆ ఒప్పందానికి టీసీపీ, ఐపీ అని పేర్లు. 1983 జనవరి 1న ఆనాటి అమెరికా పరిశోధనా నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్ దానికి మారినది. నేటికీ ప్రపంచం నడుస్తున్నది ఆ ఒప్పందం మీదనే. లాకు చేసే పని చేసే యంత్రాన్ని రూటర్ అంటారు. పాపం, కాలువ మాత్రం 1965, 1966 సంవత్సరాల తుపానులకు దెబ్బతిని, తరువాత పూడికతో, మురుగుతో, బూడిదతో నిండిపోయినది. 2008లో దానిని జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించినప్పటికీ ఎన్నూరు దగ్గర దానిని చూచినవారికి ఆ ప్రకటన జ్ఞాపకం రాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకొందాం. ఎన్నూరులో ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలిక ఉన్నదనుకొందాం. ఆమె మేనమామ అండమాను దీవులలో, పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగి. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడ తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్న సంగతి ఈ సభలో చాలమందికి తెలిసినదే. ఆ బాలిక “అమ్మ” అని మొదలుపెట్టి ఒక చిన్న ఉత్తరం, దానితో ఒక ఫొటో ఫోనులో పంపినది. అది ఎలా వెళ్లినది?

మొదటి మెట్టు అక్షరం. యంత్రానికి అక్షరాలు తెలియవు. సున్న, ఒకటి మాత్రమే తెలుసును. గణితంలో ద్విసంఖ్యామానం నేర్చిన పిల్లలకు ఇది కొత్త కాదు. ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఉండాలి, ఆ సంఖ్య పంపినవారికీ అందుకొన్నవారికీ ఒకటే కావాలి. ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని తెలుగువారు దీనివల్ల ఎన్నో ఏళ్లు ఇబ్బంది పడ్డారు. 1990లలో తెలుగు ఫాంట్లు చేసిన సంస్థలు ఒక్కొక్కటి ఒక్కొక్క సంఖ్యాపద్ధతి పెట్టుకొన్నవి. ఒక కంప్యూటరులో ముచ్చటగా టైపు చేసిన వ్యాసం మరొక దానిలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. తీగ సరిగానే ఉన్నది, ఉత్తరం చేరినది, ఒప్పందం మాత్రం లేదు. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టిక ఉండాలని ఏర్పడిన యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు 128 గళ్ల చోటు దొరికినది. అది కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి పూర్తిగా రావడానికి మాత్రం చాల కాలం పట్టినది. ఆ పట్టికలో “అ” సంఖ్య 3077. “అమ్మ” అనే మాటలో యంత్రం లెక్కకు నాలుగు గుర్తులున్నవి: అ, మ, పొల్లు, మ. నెట్‌వర్క్ మీద నడిచే పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకొంటుంది, అంటే మొత్తం పన్నెండు బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. ఆ భేదం ఉన్నమాట నిజమే గాని అది కంగారు పడవలసినంతటిది కాదు. బాలిక పంపిన ఒక్క ఫొటోలో కొన్ని వందల పేజీల తెలుగు వచనం పడుతుంది.

రెండవ మెట్టు ముక్కలు చేయడం. ఫొటో ముప్పై లక్షల బైట్లు ఉన్నదనుకొందాం. దానిని ఒకే మూటగా పంపరు. సుమారు పదిహేను వందల బైట్ల చొప్పున రెండు వేల ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్కను ప్యాకెట్ అంటారు. 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఈ ఆలోచనకు వచ్చారు. ప్యాకెట్ అనే పేరు పెట్టినది డేవిస్. అంతకు ముందు టెలిఫోనులో ఇద్దరు మాట్లాడుతున్నంత సేపూ వారి నడుమ తీగ వారికే అంకితమై ఉండేది. వారు మౌనంగా ఉన్నా సరే, మరొకరు దానిని వాడడానికి వీలు లేదు. ముక్కలు చేస్తే ఒకే తీగ మీద వేలమంది ప్యాకెట్లు ఒకదాని వెనుక ఒకటి పోవచ్చును. ఎన్నూరు స్టేషనులో కాసేపు నిలబడితే ఇది కంటికి కనిపిస్తుంది. గుమ్మిడిపూండి లోకల్, విజయవాడ వైపు పోయే ఎక్స్‌ప్రెస్, బొగ్గు వ్యాగన్లు, అన్నీ అవే పట్టాల మీద వంతుల వారీగా నడుస్తాయి. ఒక్కొక్క బండికి ఒక జత పట్టాలు వేయాలంటే దేశంలో పొలాలు మిగలవు.

ప్రతి ప్యాకెట్ మీద పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, అది ఎన్నవ ముక్క అనే వరుస సంఖ్య ఉంటాయి. చిరునామా కూడా ఒక సంఖ్యయే, దానిని ఐపీ చిరునామా అంటారు. మొదట దీనికి ముప్పై రెండు బిట్లు కేటాయించారు. దానివల్ల 429 కోట్ల పైచిలుకు చిరునామాలు ఏర్పడినవి. ఆ రోజులలో అది తరగని నిధిలాగా కనిపించినది. నేడు ప్రపంచ జనాభాయే అంతకు మించినది, అందుచేత 128 బిట్ల కొత్త పద్ధతి వచ్చినది. ప్రస్తుతం రెండూ పక్కపక్కన నడుస్తున్నవి. ఇన్ని అంకెలు మనుష్యులకు గుర్తుండవు కనుక, పేరు చెబితే అంకె చెప్పే ఏర్పాటు 1983లో పాల్ మొకాపెట్రిస్ చేశారు. ఎన్నూరుకు కొత్తగా వచ్చిన చుట్టం డోరు నంబరు అడగడు, ఫలానా ఫ్యాక్టరీ వెనుక ఫలానా వారి ఇల్లు అంటాడు. వీధి మొదట్లో ఉన్న అంగడివాడు చేయి చూపిస్తాడు. ఆ అంగడివాని పని చేసే కంప్యూటర్లు ప్రపంచమంతటా ఉన్నవి.

ఇంటిలోని ఫోను నుండి ప్యాకెట్ మొదట గాలి మీదుగా గోడకున్న చిన్న పెట్టెకు చేరుతుంది. ఇంటి లోపలి నెట్‌వర్క్ అంతవరకే. ఆ పెట్టె గడప వంటిది, ఇంటి వలను బయటి వలతో కలిపే మొదటి లాకు. దానికి అండమాను ఎక్కడున్నదో తెలియదు. ఇది చాల గొప్ప సంగతి, దీని మీద కొంచెం నిలవాలి. ఏ రూటర్‌కూ మొత్తం దారి తెలియనక్కరలేదు. ఈ చిరునామాకు పోవాలంటే తరువాతి మజిలీ ఏది అన్నది తెలిస్తే చాలును. ఎన్నూరు నుండి చెన్నైలోని పెద్ద కేంద్రానికి, అక్కడి నుండి మరొక దానికి, అలా చేయి మార్చుకొంటూ పోతుంది. గూడూరు, సూళ్లూరుపేటల నడుమ వరదకు పట్టాలు కొట్టుకొనిపోతే చెన్నై బండ్లను అరక్కోణం, రేణిగుంట మీదుగా గూడూరు చేర్చినట్లు, ఒక దారి తెగితే రూటర్లు తమలో తాము కబురు పెట్టుకొని మరొక దారి పడతాయి. 2008 జనవరి 30న ఈజిప్టు దగ్గర మధ్యధరా సముద్రంలో రెండు పెద్ద కేబుళ్లు తెగినప్పుడు భారతదేశపు పశ్చిమ మార్గం బాగా దెబ్బతిన్నది. ఆ రద్దీలో కొంత భాగాన్ని తూర్పుకు తిప్పి, సింగపూరు, పసిఫిక్ సముద్రాల మీదుగా పంపారు. నెట్ నెమ్మదించినది గాని ఆగిపోలేదు.

ఒక్కొక్క ప్యాకెట్ ఒక్కొక్క దారిన పోవచ్చును, ముందు బయలుదేరినది వెనుక చేరవచ్చును, రద్దీలో ఒకటి రెండు పోనూవచ్చును. దారిలోని రూటర్లు దాని పూచీ తీసుకోవు. ఆ బాధ్యత రెండు కొసలదే. అందుకొన్న యంత్రం వరుస సంఖ్యలు చూచి సర్దుకొంటుంది. చేరినదాని వరకు “అందినది” అని కబురు పంపుతుంది. నిర్ణీత కాలంలో ఆ కబురు రాకపోతే పంపిన యంత్రం ఆ ముక్కను మళ్లీ పంపుతుంది. కబుర్లు ఆలస్యమవుతున్నకొద్దీ దారి ఇరుకుగా ఉన్నదని గ్రహించి తన వేగం తానే తగ్గించుకొంటుంది. ఈ మర్యాద యంత్రాలకు నేర్పిన ఒప్పందమే ఇంతకు ముందు చెప్పిన టీసీపీ. చరిత్రలో మొదటి సందేశానికి ఈ రక్షణ లేకపోయినది. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు “లాగిన్” అనే మాట పంపబోగా మొదటి రెండక్షరాలు చేరగానే అవతలి యంత్రం కూలబడినది. గంట తరువాత గాని మొత్తం మాట చేరలేదు. ప్రత్యక్షంగా జరిగే వీడియో పాఠాలలో మాత్రం పోయిన ముక్కను తిరిగి పంపమని సాధారణంగా అడగరు, ఎందుకంటే అది వచ్చేసరికి టీచరు తరువాతి వాక్యంలో ఉంటారు. మాట మధ్యలో గుటుక్కుమన్నట్లు వినిపించడానికి కారణం అదే.

ఈ విద్యకు మద్రాసు కొత్త ఊరు కాదు. 1870, 71 సంవత్సరాలలోనే మద్రాసు నుండి పెనాంగ్ మీదుగా సింగపూరుకు సముద్రం అడుగున తంతి తీగ వేశారు. కంప్యూటర్ల కాలానికి వస్తే, కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1986లో ప్రారంభించిన ఎర్నెట్‌లో మొదటి సభ్య సంస్థలలో మద్రాసు ఐఐటీ ఒకటి. అది విద్యా సంస్థలకే పరిమితం. సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మద్రాసుతో సహా కొన్ని మహానగరాలలో వచ్చినది. టెలిఫోను తీగకు కట్టిన మోడెమ్ ఆనాడు సెకనుకు 9,600 బిట్లు పంపగలిగేది. ఆ బాలిక ఫొటో ఆనాడైతే నలభై నిమిషాలకు పైగా పట్టేది. సెకనుకు పదికోట్ల బిట్ల గాజు తీగ మీద ఇప్పుడు సెకనులో నాలుగవ వంతు కూడా పట్టదు.

తెలుగునాటికి మరింత దగ్గర ఉదాహరణ రైల్వే రిజర్వేషను. పూర్వ విద్యార్థులలో నలభై దాటినవారికి ఇది జ్ఞాపకం ఉండాలి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులలో కంప్యూటరు టిక్కెట్లు వచ్చిన కొత్తలో ఎవరి కంప్యూటరు వారిదే, ఎవరి జాబితా వారిదే. మద్రాసులో కూర్చుని మరొక కేంద్రం పరిధిలోని బండికి తిరుగు ప్రయాణపు బెర్తు పొందడం పెద్ద ప్రయాస. ఐదూ మంచి కంప్యూటర్లే, ఐదూ ద్వీపాలే. వాటిని కలపడానికి తగిన కొత్త సాఫ్ట్‌వేరు 1994లో మొదట సికింద్రాబాదులో అమలైనది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడినవి. అప్పటి నుండి ఏ కౌంటరు నుండైనా ఏ బండికైనా టిక్కెట్టు. బెర్తులు పెరగలేదు, బండ్లు మారలేదు. కలపడం వల్ల వచ్చిన ప్రయోజనం ఎటువంటిదో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకడం కష్టం.

తల్లిదండ్రుల కోసం ఒక మాట మధ్యలో చెప్పవలసి ఉన్నది. రూటర్ చిరునామా మాత్రమే చూస్తుందని పైన చెప్పడమైనది. అయితే లోపలి రాత చూడలేదని కాదు. మూత వేయని ప్యాకెట్ పోస్టుకార్డు వంటిది, దారిలో ఎవరైనా చదవవచ్చును. అందుకే ముఖ్యమైన వాటిని గణిత సూత్రంతో తారుమారు చేసి, కవరులో పెట్టినట్లు పంపుతారు. బ్యాంకుల వంటి చోట్ల వాడే పద్ధతి అదే. కవరు ఎంత గట్టిదైనా అవతల ఉన్నవాడు మంచివాడని మాత్రం అది హామీ ఇవ్వదు. ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యను బ్యాంకువాడినని చెప్పే అపరిచితునికి చదివి వినిపిస్తే, నెట్‌వర్క్ తన పని తాను సక్రమంగా చేసుకొనిపోతుంది, డబ్బు పోతుంది.

ఇక చిట్టచివరి దారం, సముద్రం. అండమానుకు చాలకాలం పాటు సంబంధం ఉపగ్రహం ద్వారానే. ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి కిందికి రావడానికే సెకనులో నాలుగవ వంతు, బదులు రావడానికి మరొక నాలుగవ వంతు. అది ఆలస్యం. దానికి తోడు దారి ఇరుకు. ఈ రెండూ వేరు వేరు సంగతులని పిల్లలు గుర్తించాలి. కొళాయి తిప్పిన తరువాత నీరు రావడానికి పట్టే సమయం ఒకటి, వచ్చే ధార లావు మరొకటి. 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌ల నడుమ, అక్కడి నుండి ఇతర దీవులకు, మొత్తం సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైనది.

ఆ కేబుల్‌లో నడిచేది వెలుతురు. గాజు పోగులో వెలుతురు నడిచే నడిమి భాగం తలవెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్ననిది. ఒక చివర ప్రవేశించిన కాంతి పక్కలకు జారిపోక వందల మైళ్లు ఎలా పోతుంది? జవాబు భౌతికశాస్త్రం తెలుగు వాచకంలోనే ఉన్నది: సంపూర్ణాంతర పరావర్తనం. నీటి అడుగు నుండి ఏటవాలుగా చూచినప్పుడు నీటి పైభాగం అద్దంలా మెరవడానికి కారణమైనదే ఇక్కడ వెలుతురును కాలువ గట్లలా పట్టి ఉంచుతుంది. గాజు శుభ్రంగా ఉంటే కాంతి ఎంతో దూరం పోగలదని 1966లో నిరూపించిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చినది. గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. దూరపు సముద్ర కేబుళ్లలో వెలుతురు బలం తగ్గినప్పుడల్లా దానిని పెంచే పరికరాలు కొన్ని పదుల కిలోమీటర్లకు ఒకటి చొప్పున అమర్చుతారు. వాటికి కావలసిన విద్యుత్తు తీరం నుండే, అదే కేబుల్‌లోని లోహం ద్వారా పంపుతారు.

నడిసముద్రంలో ఈ కేబుల్ తోటకు నీరు పెట్టే గొట్టమంత లావు. తీరం దగ్గర మాత్రం ఉక్కు తీగలు చుట్టి, వీలైనచోట ఇసుకలో పాతిపెడతారు. కేబుళ్లకు కలిగే హానిలో అధిక భాగం చేపల వలల వల్ల, ఓడల లంగరుల వల్ల కలుగుతున్నదే. ఒక పక్క మత్స్యకార కుప్పాలు, మరొక పక్క 2001లో మొదలైన పెద్ద రేవు ఉన్న ఎన్నూరు వంటి ఊరికి ఈ సంగతి పుస్తకాల విషయం కాదు. ఒక వల మరొక వలను చింపవచ్చును.

దారి భాష అడగదని ఇంతదాకా చెప్పుకొన్నదంతా నిజమే. కాని దారి ఉన్నంత మాత్రాన అందరూ దానిపై ఉన్నట్లు కాదు. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు ఆ సంగతి బయటపడినది. ముగ్గురు పిల్లలు, ఒక ఫోను ఉన్న ఇండ్లు ఉన్నవి. ఆ ఒక్క ఫోనునూ పనికి పోతూ తండ్రి వెంట తీసుకొనిపోతే, ఉదయపు పాఠం రాత్రి ఎనిమిదింటికి వినవలసి వచ్చిన పిల్లలు ఉన్నారు. సిగ్నల్ కోసం మేడ ఎక్కినవారున్నారు. అసలు ఏ ఫోనూ లేక ఆ ఏడాది చదువుకు దూరమైనవారూ ఉన్నారు. దారాలు ఊరంతా పరచి ఉన్నవి. ముడి పడనిది ఇంటి దగ్గరనే. తెలుగులో పాఠాలు తయారుచేసి అవతలి కొసన పెట్టవలసిన బాధ్యత కూడా నెట్‌వర్క్‌ది కాదు. అది పన్నెండు బైట్లను మోసినట్లే పన్నెండు కోట్ల బైట్లనూ మోస్తుంది, మోయడానికి ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటివి జీతం లేని వ్యక్తుల శ్రమతో పెరిగినవే.

అన్నట్లు, ఎన్నూరు బాలిక ఉత్తరం దారిలోనే ఉన్నది. చెన్నై తీరంలో వెలుతురుగా మారి సముద్రంలో దిగిన ప్యాకెట్లు సెకనులో నూరవ వంతుకు కాస్త అటూ ఇటూగా ఆవలి ఒడ్డు చేరినవి. మేనమామ ఫోను రెండు వేల ముక్కలను వరుసలో పెట్టినది. నాలుగు వందల చిల్లర సంఖ్య గల ముక్క ఒకటి దారిలో పోయినది, మళ్లీ అడిగి తెప్పించుకొన్నది. ఆ సంగతి మేనమామకు తెలియదు, బాలికకూ తెలియదు. 3077 అన్న సంఖ్య చూచి ఫోను “అ” అని గీసినది. మేనమామ ఫొటో చూచుకొని “అందింది” అని తిరుగు జాబు కొట్టాడు. యంత్రం లెక్కలో అది ఏడు గుర్తులు, ఇరవైయొక్క బైట్లు. అది ఒక్క ప్యాకెట్‌లో పట్టినది.